సంఘపు కచేరిలో రంగు ముద్రణము

మన సహకార సంఘముల కచేరీలలో నేడు కలము కదలుట తగ్గి యంత్రము కదలుట హెచ్చినది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరు మార్గమునకు తెచ్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. కంప్యూటరు వచ్చినచోటికి ముద్రణయంత్రము వచ్చును. దాని వెంట సిరా ఖర్చు వచ్చును. ఈ ఖర్చు సర్కారుది కాదు, కార్యదర్శిది కాదు. వాటా ధనము చెల్లించిన ప్రతి రైతుది. కావున ఈ విషయమును సభ్యుల యెదుట ఉంచుట మా విధి యని తలంచుచున్నాము.

నల్లని అక్షరముల పుటకు ఒక్క నల్లసిరాయే చాలును. రంగు పుటకు నీలము, గులాబి, పసుపు, నలుపు అను నాలుగు సిరాలు కావలెను. వెల హెచ్చుటకు ఇదియే ముఖ్య కారణము. పుటలెక్కన అద్దె చెల్లించు యంత్రములలో కాగితము తలపై చిన్న ముద్ర ఒకటి రంగులో ఉన్నను, సాధారణముగా ఆ పుట యంతయు రంగు పుటగానే లెక్కకు వచ్చును. అప్పుపత్రము, ఎరువుల రసీదు, సభా ప్రకటన, వడ్ల కొనుగోలు పట్టిక, వీనిలో దేనికిని రంగు అక్కరలేదు. అయినను మేము చూచిన కొన్ని కచేరీలలో పండుగ శుభాకాంక్షలు, పెద్దల ఛాయాచిత్రములు, ఇంటి పెండ్లిపత్రికలు సైతము సంఘపు సిరాతోనే వెలువడుచుండెను. పిండికొలది రొట్టె యన్న మాటను ఇట్టివారు మరచినట్లున్నారు.

అయితే రంగును బొత్తిగా మాన్పించవలెనని మేము చెప్పుట లేదు. అట్లు చేసినచో ఏమగునో మేము స్వయముగా చూచితిమి.

కొన్ని యేండ్ల క్రిందట మేము పనిచేయుచున్న ప్రాంతములో ఒక సంఘమువారు సిరా ఖర్చు చూచి వెరచి, రంగు ముద్రణమును పూర్తిగా నిషేధించిరి. ఆ యాసంగిలో నాట్లు వేసిన మూడు నాలుగు వారములకు వరి గిడసబారి ఆకులపై తుప్పురంగు మచ్చలు కనబడెను. మేము జింకు లోపమును, అగ్గితెగులును ప్రక్క ప్రక్కన చూపు చిత్రపత్రము నొకదానిని సంఘమునకు పంపితిమి. అది నలుపులో ముద్రింపబడి ఊరూర పంచబడెను. దానిపై రెండు ఆకులును బూడిదరంగుననే యుండెను. మచ్చకు మచ్చకు భేదము తెలియకుండెను. ఒక రైతు ఆ కాగితమును దుకాణమున చూపి అగ్గితెగులు మందు కొని చల్లెను. ఆ పొలమునకు కావలసినది లీటరు నీటికి 2 గ్రాముల వంతున జింకు సల్ఫేటు మాత్రమే. సంఘమునకు మిగిలినది కొద్ది రూపాయలు. రైతునకు పోయినది మందు వెల, కూలి, పది దినముల కాలము. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడిన చందమిది. ఇందు మా తప్పును గలదు. పత్రము ఎట్లు ముద్రింపబడినదో చూడకయే మేము పంపకమునకు ఒప్పుకొంటిమి.

పురుగుమందుల డబ్బాల విషయము ఇంతకన్న ముఖ్యము. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ననుసరించి ప్రతి డబ్బాపై రంగు త్రికోణ ముండును. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఆదిలాబాదు నల్లరేగళ్లలో పత్తికి మందు చల్లు కూలివారిలో చదువు రానివారు గలరు. వారికి ఆ రంగే అక్షరము. ఈ నాలుగు గుర్తులను నలుపులో ముద్రించి గోడకు అంటించుట కంటె అంటింపకుండుటయే మేలు.

ఇంకొక మాట. వరికి యూరియా ఎప్పుడు వేయవలెనో తెలుపు ఆకురంగు పట్టికను మాత్రము మన యంత్రముపై ఎన్నడును ముద్రింపరాదు. యంత్రమునకు యంత్రమునకు పచ్చని ఛాయ మారును. ఛాయ మారిన యెరువు లెక్క మారును. దానిని తయారైన పట్టికగానే తెప్పించుకొనవలెను.

కావున మా సూచన లివి. యంత్రమును ఎల్లప్పుడు నలుపునకే అమర్చి యుంచవలెను. రంగు కావలసినప్పుడు కార్యదర్శి యొద్దనున్న రహస్యసంఖ్యతోనే అది పనిచేయవలెను. తేది, పని, పుటల సంఖ్య ఒక పుస్తకమున వ్రాసి నెలకొకమారు పాలకవర్గము యెదుట చదువవలెను. పంట తెగుళ్లు, పోషక లోపములు, విషపు గుర్తులు, వీనికి రంగు నిరాకరింపరాదు. అయితే ఇంటింటికి ఒక ప్రతి యక్కరలేదు. ఎరువుల గోదాము వాకిట ఒక మంచి ప్రతి అంటించి, తక్కినవారికి చిత్రమును ఫోనులో పంపిన చాలును. సొంత పనికి రంగు కోరువాడు, అధ్యక్షుడే యైనను, అసలు వెల చెల్లించి రసీదు పొందవలెను.

ఇంత చిన్న విషయమునకు ఇన్ని నియమములా యని కొందరు నవ్వవచ్చును. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి పూనికతో నాటి కరీంనగరు జిల్లాలోని ములుకనూరున స్థాపింపబడిన సంఘము దేశమంతట పేరొందినది. అట్టి పేరు రంగు కాగితములవలన రాదు. తమ పైసాకు లెక్క గలదను సభ్యుల నమ్మకమువలన వచ్చును. మన కాగజ్‌నగరు మిల్లు 2014లో నిలిచిపోయి 2018లో మరల కదలువరకు ఎన్ని కుటుంబములు ఎదురుచూచెనో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. కాగితము విలువ మనకు తెలియనిది కాదు.

రాబోవు మహాజన సభలో ప్రతి సభ్యుడును లేచి, మన సంఘమున రంగు దేనికి ఖర్చగుచున్నదని అడుగవలెను. పెద్దల బొమ్మకు అని బదులు వచ్చినచో ఆపింపుడు. రైతు ఆకునకు అని వచ్చినచో ఆ ఖర్చునకు సంతోషముగా చేయెత్తుడు.