పాఠశాలల యాటస్థలములు

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరచు దినములలో పుస్తకములను గుఱించియు, రుసుములను గుఱించియు, ఉపాధ్యాయుల ఖాళీలను గుఱించియు చర్చ సాగుట యేటేట జరుగుచున్నదే. సాయంకాలము పిల్లలు తనివితీర పరుగెత్తుటకు చోటున్నదా యని యడుగువారు మాత్రము మిక్కిలి తక్కువ. ఉన్నచోటు ఏ స్థితిలో నున్నదని విచారించువా రంతకంటెను తక్కువ.

ఈ విషయమున శాసనములకు కొదవ లేదు. 2009వ సంవత్సరపు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము, ప్రతి పాఠశాలకు నుండవలసినవానిలో ఆటస్థలమును గూడ పేర్కొన్నది. హర్యానాలో ఒక గ్రామపు బడిస్థలము నాక్రమించినవారు బజారు ధర చెల్లించి దానిని తమ యొద్దనే యుంచుకొనుటకు అచటి హైకోర్టు సమ్మతింపగా, 2023లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, ఆటస్థలము లేని బడి యుండరాదని స్పష్టముగా చెప్పెను. అంతకు చాలకాలము పూర్వమే, 1991లో, బెంగుళూరున ఉద్యానమునకై విడిచిన స్థలమును ప్రైవేటు వైద్యశాలకు ఇచ్చుట చెల్లదని ఆ న్యాయస్థానమే నిర్ణయించియున్నది. తెలంగాణములో 2022లో గ్రామగ్రామమున క్రీడాప్రాంగణములు నెలకొల్పుటకు పూనుకొనిరి. ఆంధ్రప్రదేశములో 2023 డిసెంబరు మొదలు 2024 ఫిబ్రవరి వఱకు ఊరూర పోటీలు నడిపిరి. పోటీలు ముగిసినవి; బహుమతులు పంచిరి. మైదానము లెట్లుండెనో అట్లే యున్నవి.

లోపము చట్టములో లేదు, గట్టుమీద నున్నది. మన గ్రామములలో పెక్కు బడుల స్థలములు పెద్దరైతుల పూర్వులు ఉదారముగా నిచ్చినవే. దానమిచ్చిన తాత కీర్తిశేషుడైన తరువాత, ప్రక్క చేను దున్ను మనుమని నాగలి యేటికొక చాలు బడివైపునకు జరుగును. పదియేండ్లు గడచునప్పటికి ఖోఖో కోర్టునకు వలసిన 27 మీటర్ల పొడవు మిగులదు. పట్టణములలో నాగలి లేదు గాని ప్రహరీగోడ కలదు, గోడ ననుసరించి దుకాణము కలదు. మా పాఠకులలో భూస్వాములు పలువురు గలరు. వారి నొప్పించుట మా యుద్దేశము కాదు. గట్టు ఎచట నుండెనో మాకంటె వారికే బాగుగా తెలియునని మాత్రము విన్నవించుచున్నాము.

మిగిలిన నేల సంగతి చెప్పనే యక్కరలేదు. వివాహములు, వస్తుప్రదర్శనములు, దీపావళికి టపాసుల అంగళ్లు, ఎన్నికల సభలు, అన్నియు అచటనే. పందిరి విప్పుకొని పోవువారు గుంజలు పాతిన గోతులు పూడ్చరు, మేకులు ఏరరు, గాజుపెంకులు చూడరు. మరునాడు చెప్పులు లేని పిల్లలు ఆ నేలమీదనే కబడ్డీ ఆడవలెను. సభలనే మాన్పింపుడని మేము కోరము. స్వాతంత్ర్యోద్యమ దినములలో మన సభలును ఇట్టి మైదానములందే జరిగినవి. కాని వాడుకొన్నవాడు బాగుచేసి పోవలెననుట న్యాయము గదా!

అమెరికాలో బేస్‌బాల్ ఆటస్థలముల నిర్వాహము ఈ విషయమున మనకు పాఠము చెప్పుచున్నది. ఆ యాట మన కక్కరలేదు. ఆ పద్ధతి కావలెను. అచట ఒక్క మైదానమును బడిజట్లు, పేటల కుఱ్ఱవాండ్ర జట్లు, పెద్దల జట్లు వంతుల వారీగా వాడుకొందురు. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్టున బాలురకై పుట్టిన లిటిల్ లీగు, పెద్దల యాటలో 90 అడుగులుండు దూరమును చిన్నవారికి 60 అడుగులకు తగ్గించినది. నేలను పిల్లల కాళ్లకు తగినట్లు అమర్చిరే గాని పిల్లలను నేలకు బలిచేయలేదు. బంతి విసరువాడు నిలుచు దిబ్బయొద్దను, కొట్టువాడు నిలుచు చోటను పడిన గుంటలను ఆట ముగియగానే బంకమట్టితో పూడ్చి దిమ్మిస చేయుదురు. నీరు నిలువకుండ నేలకు స్వల్పమైన వాలు నుంచెదరు. వాన కురిసి నేల మెత్తబడిన దినమున ఆట నిలిపివైతురు. ఏలన ఒక్కపూట తడినేలపై ఆడిన యడుగుజాడలు ఆరి గట్టిపడి నెలలకొలది కాళ్లు బెణికించును. మన నల్లరేగడి మైదానములకు ఈ నియమ మెంత యవసరమో గుంటూరు, కృష్ణా మండలముల వారికి వేఱుగ చెప్పవలెనా?

మఱియొక వింత. ఆ దేశపు దక్షిణభాగమున మైదానములందు ధనము వెచ్చించి పెంచు బెర్ముడా గడ్డి, మనము వినాయకచవితినాడు పూజకు గోసికొనివచ్చు గరికయే! చేలగట్లపై మనము పీకి పాఱవేయు గరికను మైదానమున నాటిన, ఎఱ్ఱమొరముపై పడి మోకాళ్లు చీరుకొనుట చాలవఱకు తప్పును.

బాలికల మాట మఱింత బాధాకరము. సాయంకాలము బడిగంట కొట్టినంతనే వయసువచ్చిన యువకులు బ్యాట్లతో ప్రవేశించి నేల యంతయు ఆక్రమింతురు. చిన్నపిల్లలు అంచులకు, బాలికలు ఇండ్లకు పోవలసినదే. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 2023లో ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సు పరుగున స్వర్ణము గెలిచినది. వరంగల్లు మండలమున కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్సున 400 మీటర్ల పరుగులో కాంస్యము గెలిచినది. ఆ వార్తలు వచ్చినపుడు చప్పట్లు కొట్టిన మనము, మన యూరి బాలికకు వారమునకు రెండు సాయంకాలములైనను మైదానము విడిచితిమా? కాలిఫోర్నియాలో పురమైదానములను బాలబాలికలకు సమముగా నీయవలెనని 2004లో చట్టమే చేయవలసివచ్చినది. ఇచట ఆ పాటి పని ప్రధానోపాధ్యాయుని యొక్క యుత్తరువుతో కాగలదు.

బడి ముగిసినపిమ్మట గేటునకు తాళము వేసి స్థలమును కాపాడుదమనువారు కొందఱు గలరు. అది మా కిష్టము కాదు. తాళము వేసిన మైదానమును ఊరు మఱచును. మఱచినదానిపై గోడ లేచును. ప్రధానోపాధ్యాయుడు, వ్యాయామోపాధ్యాయుడు, పంచాయతీ సభ్యుడొకరు, యువకులలో ఇరువురు, తల్లులలో ఇరువురు కలిసి ఒక సంఘముగ నేర్పడి, ఏ జట్టు ఏ వేళ ఆడవలెనో బల్లపై వ్రాసి గేటునకు కట్టవలెను. సభలకును పెండ్లిండ్లకును ముందుగా ధరావతు పుచ్చుకొని, గోతులు పూడ్చి మేకులు ఏరిన తరువాతనే తిరిగి యీయవలెను. వచ్చు అద్దె పంచాయతీ సాధారణనిధిలో కలిసిపోరాదు. రోలరునకు, మట్టికి, నీటికి మాత్రమే వ్యయింపవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసినది కొలత. సర్వేయరును పిలిపించి, ఊరివారి యెదుట హద్దురాళ్లు పాతింపవలెను. వానలు ముదిరి నేల బురదయైనచో గొలుసు సాగదు. గరిక నాటుటకును తొలకరియే తగిన కాలము.