దారిన పోయేవారికి ఓ కుళాయి

అమెరికాలోని కాన్సస్ పేరు వింటే మన ఇళ్ళల్లో ఇప్పటికీ 2017 ఫిబ్రవరే గుర్తొస్తుంది. అక్కడి ఓలేత్‌లో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన నెల అది. అందుకే పడమటి కాన్సస్ మీదుగా సైకిళ్ళ మీద వెళ్తామని నేనూ మా అమ్మాయీ చెప్పినప్పుడు కళ్యాణదుర్గంలో మా అమ్మకు అన్నం సయించలేదు. ఆమె భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ రాత్రి అడ్డుపడబోయి తూటా తిన్న అమెరికన్ యువకుణ్ణీ మరచిపోను. అయినా వెళ్ళాం. అక్కడ చూసిన ఒక సంగతి మన పంచాయతీల, పురపాలికల ముందు పెట్టాలని ఇది రాస్తున్నాను.

పసిఫిక్ ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఆస్టోరియా నుంచి వర్జీనియాలోని యార్క్‌టౌన్ దాకా సుమారు 6,800 కిలోమీటర్ల సైకిలు దారి ఒకటుంది. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళు నిండిన 1976లో వేలమంది ఆ దారిన తొక్కారు. దానికోసం కొత్త రోడ్లు వేయలేదు. ఉన్న పల్లె రోడ్లనే కలిపి పటం గీశారు. పడమటి కాన్సస్‌లో అది 96వ నంబరు రహదారి వెంట పోతుంది. జూన్‌లో ఒకరోజు మేం స్కాట్ సిటీ నుంచి డైటన్ మీదుగా నెస్ సిటీకి, దాదాపు 90 కిలోమీటర్లు తొక్కాం.

తెల్లవారకముందే బయల్దేరాం. అక్కడ వేసవిలో దక్షిణపు గాలి పొద్దెక్కేకొద్దీ ముదురుతుంది. మేం తూర్పుకు పోతున్నాం కనుక అది రోజంతా కుడిభుజం మీదే కొట్టింది. ధాన్యం లారీ ఎదురొచ్చి దాటినప్పుడల్లా ఆ విసురుకు హ్యాండిల్ బిగించి పట్టుకోవాల్సిందే. పికప్ బండ్ల రైతులు స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండా ఒక్క వేలెత్తి పలకరించి పోయేవారు. ఒకపక్క గోధుమ కోతలు, ఇంకోపక్క అప్పుడే మొలిచిన జొన్న. అనంతపురం మనిషికి జొన్నచేను కనిపిస్తే ఒంట్లోకి సత్తువ వస్తుంది. రోడ్డంచున పల్లేరు కూడా ఉంది. సముద్రాలు దాటి అక్కడికి చేరిన మొక్క అది. చిన్నప్పుడు నా పాదాల్లో దిగిన ముల్లే అక్కడ మా అమ్మాయి వెనక టైరులో దిగింది.

ఆ మైదానంలో ఊరికన్నా ముందు ఊరి ధాన్యపు గిడ్డంగి కనిపిస్తుంది, పది పదిహేను కిలోమీటర్ల నుంచే తెల్లగా, గాలిగోపురంలా. రైలు వచ్చిన రోజుల్లో గుర్రబ్బండి మీద ధాన్యం తోలి అదే సాయంత్రం ఇల్లు చేరగలిగేంత దూరాల్లో ఊళ్ళు వెలిశాయి. ఇప్పుడు కోతకు యంత్రం చాలు, మనుషులతో పని లేదు. ఊళ్ళు చిక్కిపోయాయి. డైటన్ కౌంటీ కేంద్రమే గాని 2020 లెక్కల్లో జనాభా వెయ్యి లోపే. ఆ ప్రాంతంలో పైర్లకు తోడే ఓగలాలా భూగర్భజలం ఏళ్ళుగా అడుగంటుతోంది. బోర్లు ఎండడం ఎరిగిన మా జిల్లావాళ్ళకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి డైటన్‌లో గ్రంథాలయం తెరిచి ఉంది. చెమటతో, దుమ్ముతో లోపలికి వెళ్ళిన మమ్మల్ని అక్కడి పెద్దావిడ ఎవరు మీరని అడగలేదు. మరుగుదొడ్డి ఎటో చూపించింది. సీసాలు తీసుకుని ఐసు వేసి నింపింది. తర్వాతే, ఎక్కడినుంచి వస్తున్నారని అడిగింది. నెస్ సిటీ దాకా 50 కిలోమీటర్లు నీళ్ళు దొరకడం కష్టమని చెప్పి ఇంకో సీసా చేతిలో పెట్టింది.

ఆ 50 కిలోమీటర్ల నడుమ బీలర్ అనే చిన్న ఊరుంది. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1886లో అక్కడికి దగ్గర్లోనే ప్రభుత్వ భూమి పట్టుకుని మట్టిగడ్డలతో ఇల్లు కట్టుకున్నారు. బానిసగా పుట్టిన మనిషి. అంతకుముందే కాన్సస్‌లోని ఒక కళాశాల ఆయన్ను నల్లవాడని చేర్చుకోకుండా పంపేసింది. గుమ్మంలోంచి తిప్పి పంపిన రాష్ట్రమే జాగా కూడా ఇచ్చింది. పత్తి పీల్చేసిన నేలల్లో వేరుశనగ వెయ్యమని తర్వాత అలబామా రైతులకు నేర్పిన శాస్త్రవేత్త ఆయనే. మా నాన్న వేరుశనగ అమ్మిన డబ్బుతో చదువుకున్నదాన్ని నేను. బీలర్ దగ్గర సైకిలు దిగి చాలాసేపు నిలబడ్డాను.

ఆ దారిలో చాలా ఊళ్ళ పార్కుల్లో సైకిలు యాత్రికులు ఓ రాత్రి గుడారం వేసుకోవచ్చు. కొన్నిచోట్ల షెరీఫ్ ఆఫీసులో ఒకమాట చెబితే చాలు. కుళాయి, దీపం, తాళం వెయ్యని మరుగుదొడ్డి ఉంటాయి. ఆడవాళ్ళం ఇద్దరం ఆ ఆఖరుదాని భరోసాతోనే అంతదూరం వెళ్ళగలిగాం. మగవాళ్ళకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. దారిలో మరుగుదొడ్డి లేదని పొద్దుటినుంచి నీళ్ళు తాగకుండా ప్రయాణం చేసే ఆడవాళ్ళు మన బస్సుల్లో ఎంతమంది ఉన్నారో ఇంట్లో అడిగి చూడండి.

దారిన పోయేవారిని ఆదుకునే గుణం మనకు లేదని నేననను. ఉగాదికి కర్ణాటక నుంచి శ్రీశైలం నడిచివెళ్ళే భక్తులకు కర్నూలు వైపు ఊళ్ళు అన్నం పెడతాయి. ఎండాకాలం చలివేంద్రాలు లేని బజారు ఉండదు. కానీ పండగ వెళ్ళగానే పందిరి విప్పేస్తాం, వానలు పడగానే కుండలు తీసేస్తాం. మిగిలిన రోజుల్లో దారిన పోయే మనిషి హోటల్లో ఏదో ఒకటి కొనాలి, లేదా పెట్రోలు బంకులో బతిమాలుకోవాలి.

డబ్బు లేదనే జవాబు నాకు చాలదు. వెయ్యిమంది లేని ఊరు నడుపుతున్నదాన్ని ఇరవై వేలమంది ఉన్న మండల కేంద్రం నడపలేదా? పోకిరీలు చేరతారన్న భయం నిజమే. దానికి మందు తాళం కాదు, దీపమూ కాపలా మనిషీ.

ఇంటిపన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కనుక అక్కడినుంచే మొదలుపెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను. రోడ్డు పక్కన ఉన్న ప్రతి శాఖా గ్రంథాలయం ఆవరణలో ఏడాది పొడవునా నీళ్ళొచ్చే ఒక కుళాయి, ఆడవాళ్ళు వాడగలిగే ఒక మరుగుదొడ్డి పెట్టండి. పాఠకుల్ని మాత్రమే కాదు, దారిన పోయే ఎవరినైనా లోపలికి రానివ్వండి.