పాత రేకులు, పాత రంగులు: దుమ్ముతో జాగ్రత్త

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలలో ఇండ్లు కూల్చే పని, కట్టే పని ఒక్కసారే సాగుతున్నది. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకం కింద సొంత జాగా గల పేదలకు రూ.5 లక్షలు మంజూరవుతున్నాయి. ఆ జాగాలో పాత రేకుల ఇల్లు ఉంటే దానిని తొలగించక తప్పదు. ఒక్క పూటలో నేలమట్టం చేస్తామని గుత్తకు ఒప్పుకొన్న కూలీలు సుత్తులతో కప్పు ఎక్కుతున్నారు. రేకులు పగిలి కింద పడుతుంటే తెల్లని దుమ్ము లేస్తున్నది. వాకిట్లో పిల్లలు వింత చూస్తూ నిలబడుతున్నారు. ఇది ప్రమాదకరం.

సిమెంటు రేకు అని పిలిచేది ఉత్త సిమెంటు కాదు. అందులో నూటికి పది పాళ్ళు అటూ ఇటూగా ఆస్బెస్టాస్, అనగా రాతినార ఉంటుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దీనిని గనులలో తవ్వి తీసేవారు. కోతులు గూనపెంకులను ఉండనీయకపోవడం, ఏటా కప్పు సర్దించే ఖర్చు భరించలేకపోవడం వల్ల పల్లెలు ఈ రేకులకు మారినాయి. పేదవానికి నీడనిచ్చిన రేకును తిట్టి లాభం లేదు. కప్పు మీద చెక్కుచెదరకుండా ఉన్న రేకుతో భయపడవలసినది తక్కువే. పగులగొట్టినప్పుడు, కటింగ్ మిషన్‌తో కోసినప్పుడు, పాచి పోవాలని ఇనుప బ్రష్‌తో గీకినప్పుడు కంటికి కనబడని నార గాలిలో కలుస్తుంది. ఊపిరితో లోపలికి పోయిన నార తిరిగి పూర్తిగా బయటికి రాదు. అప్పటికప్పుడు దగ్గు కూడా రాకపోవచ్చును. ఇరవై, ముప్పై ఏండ్ల తర్వాత ఆయాసమో, క్యాన్సరో బయటపడుతుంది. బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దుమ్ము ఊపిరితిత్తులను ఏమి చేస్తుందో భూపాలపల్లి బొగ్గు గని కార్మికుల కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

యూరోపియన్ యూనియన్ దేశాలు 2005 నాటికి రాతినారను పూర్తిగా నిషేధించాయి. అమెరికా 2024లో నిషేధ ఉత్తర్వు వెలువరించింది. భారతదేశంలో మాత్రం ఈ రేకుల అమ్మకం సాగుతూనే ఉన్నది. రాతినార పరిశ్రమలలో ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును కనీసం 40 ఏండ్ల పాటు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఆదేశించింది. ఫ్యాక్టరీలో రేకు చేసిన వానికి ఆ మాత్రం రక్షణ ఉన్నది. అదే రేకును పల్లెలో పగులగొట్టే కూలీకి ఏ రికార్డూ లేదు.

పనిలో మార్చుకోవలసినది పెద్దగా ఏమీ లేదు. ముందు కప్పును నీళ్ళతో బాగా తడపాలి. నీళ్ళలో కాస్త సబ్బు కలిపితే మరీ మంచిది. జె బోల్టుల నట్లు విప్పి, రేకును పగలకుండా తాళ్ళతో దించాలి. పాత రేకు మనిషి బరువు ఆపదు కనుక దాని మీద నడవరాదు, అడ్డంగా పలకలు వేసుకోవాలి. ముఖానికి తువ్వాల చుట్టుకుంటే చాలదు. కరోనా నాటి నీలి మాస్కూ చాలదు. సన్నని దుమ్మును వడగట్టే పి-100 ఫిల్టరు గల రబ్బరు మాస్కు కావాలి. ధర కొంత ఎక్కువే, దానిని కూలీకి ఇవ్వవలసినది పని చేయించుకునే యజమాని. పొడి చీపురుతో ఊడ్వరాదు. పనిబట్టలు విడిగా ఉతికి, స్నానం చేసిన తర్వాతే పిల్లలను ఎత్తుకోవాలి.

ఇక తలుపులు, కిటికీలు, గడపల సంగతి. గోడకు వేసే సున్నంతో ఈ బాధ లేదు. పాత ఆయిల్ పెయింటులో మాత్రం సీసం ఉండవచ్చును. ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగులలో అది ఎక్కువ. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదనే నిబంధన 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. గడపకు పసుపు రాసే ఓపిక లేక పసుపు పెయింటు వేయించడం ఏనాడో అలవాటైంది. ఏటేటా పొర మీద పొర వేసిన ఆ గడప మీదనే పిల్లలు కూర్చుని తింటారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, చదువులో వెనుకబడేటట్లు చేస్తుంది. గర్భిణులకూ హాని చేస్తుంది. ఎంత సీసమైతే హాని లేదో చెప్పగల హద్దు లేదు. పాత రంగును పొడిగా ఉప్పు కాగితంతో రుద్దరాదు, మంట పెట్టి ఊడదీయరాదు. తడిపి గీకి, రాలిన పెచ్చులను మూట కట్టాలి. ఆ సమయంలో పిల్లలు, గర్భిణులు ఆ ఇంట్లో ఉండరాదు. పాత దర్వాజాలను చీల్చి నీళ్ళ పొయ్యిలో పెట్టడం పల్లెలలో మామూలే. రంగు కట్టె కాలితే సీసం పొగలోనూ, బూడిదలోనూ చేరుతుంది. ఆ బూడిదతోనే అంట్లు తోముతారు!

పగిలిన రేకు ముక్కలను బాట గుంతలలో, పాడుబడిన బావులలో పోస్తున్నారు. బండ్ల చక్రాల కింద అవి నలిగి మళ్ళీ దుమ్మవుతాయి. ముక్కలను తడిపి, మందపు ప్లాస్టిక్ సంచులలో రెండు పొరలుగా కట్టాలి. కానీ ఆ తర్వాత ఎక్కడ వేయాలి? ఇది ఒక్క ఇంటి యజమాని తీర్చగల సమస్య కాదు. నీటి వనరులకు, పిల్లల బడులకు దూరంగా గ్రామ పంచాయతీలు ఒక స్థలం కేటాయించి కంచె వేయించాలి. అక్కడి నుండి వాటిని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించే బాధ్యత జిల్లా యంత్రాంగం తీసుకోవాలి. కొత్త ఇంటి ముగ్గు పోయించే రోజున, పాత కప్పు ఎట్లా దించుతున్నారని పంచాయతీ కార్యదర్శి ఒక్క మాట అడగాలి. కూలీలకు నాలుగు మాస్కులు పంచాయతీలోనే ఉంచి, పని ఉన్నవారికి ఇచ్చి తీసుకోవచ్చును. వానలు రాకముందే, కూల్చివేతలు జోరందుకునే ఎండాకాలంలోనే ఈ ఏర్పాటు జరగాలి.