సాంగ్ అంటే రెండు రెడ్ కార్డులేనా?

రిగోబెర్ సాంగ్ పేరెత్తితే చాలు, ఫుట్‌బాల్ చూసేవాళ్ళు ఠక్కున అనే మాట ఒకటే.. "రెండు ప్రపంచ కప్పుల్లో రెడ్ కార్డు తిన్నాడే, ఆయనేగా?"

అవును, ఆయనే. 1994లో బ్రెజిల్ మీద, 1998లో చిలీ మీద. మొదటిసారి కుర్రాడికి 17 ఏళ్ళు.

మరి మిగతా లెక్క ఎవరు చెప్తారండీ? కామెరూన్ తరఫున 137 మ్యాచ్‌లు. 1996 నుంచి 2010 దాకా వరసగా ఎనిమిది ఆఫ్రికా కప్పులు, అందులో 2000, 2002ల్లో కెప్టెన్‌గా గెలుపు. 2000 ఫైనల్ లాగోస్‌లో, నైజీరియా జనం మధ్య.. గెలిపించిన పెనాల్టీ కొట్టింది ఈ డిఫెండరే!

ఆవేశం ఎక్కువ, నాయకుడిగా పనికిరాడు అంటారు కొందరు. 2002 ప్రపంచ కప్‌లో జట్టుని నడిపించింది ఆయనే, ఒక్క రెడ్ కార్డూ లేకుండా. 2009లో కోచ్ లెగ్వెన్ కెప్టెన్సీ తీసి ఎటోకి ఇచ్చాడు. అయినా 2010 ప్రపంచ కప్‌కి మామూలు ఆటగాడిగా వెళ్ళాడు.

2008 ఫైనల్లో తడబడ్డాడు, నిజం. జిదాన్ బంతి లాక్కున్నాడు, అబూత్రికా గోల్ కొట్టాడు, కప్పు ఈజిప్టుకి పోయింది. తప్పు తప్పే. కానీ ఫార్వర్డ్ పది ఛాన్సులు పోగొట్టి పదకొండోది కొడితే హీరో, డిఫెండర్ వంద ఆపి ఒకటి వదిలితే విలన్.. ఇదెక్కడి న్యాయం? ఆపిన గోలుకి స్కోర్‌బోర్డులో చోటే లేదు.

ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. సర్వర్ నడిచిన 364 రోజులూ ఎవడికీ గుర్తుండవు, పడిపోయిన ఒక్క రోజే అప్రైజల్‌కి వస్తుంది. మేనేజర్ని తిట్టుకునే మనమే సాంగ్‌కి అదే అప్రైజల్ రాస్తే ఎలా?