మందు ఇచ్చి పంపేస్తే సరిపోదు, మనిషిని చూడండి!

జిల్లా వైద్యాధికారులకు, సాటి ప్రజలకు విన్నపం

మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు (ఏఆర్‌టీ) ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. ఆ రోజుల్లో ఎముకల గూడులా ఏఆర్‌టీ సెంటర్‌కి వచ్చినవాళ్ళలో ఎందరో ఈనాడు మనవల్ని ఎత్తుకు తిప్పుతున్నారు. దీని వెనకున్న నర్సులకు, కౌన్సెలర్లకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ అలా బతికి బట్టకట్టినవాళ్ళకి వయసు మీదపడింది. బీపీ, షుగర్ పట్టుకున్నాయి. చిక్కంతా ఇక్కడే.

మందుల డబ్బా మీది లేబుల్ చించేసి గానీ ఇంటి బస్సు ఎక్కని మనిషి, ఊళ్ళో పీహెచ్‌సీ డాక్టరుకి హెచ్‌ఐవీ సంగతి చెబుతాడా? చెప్పడు. ఆ డాక్టరు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ రాస్తాడు. ఇప్పుడు ఎక్కువమంది వాడే ఏఆర్‌టీ బిళ్ళలో డోలుటెగ్రావిర్ ఉంది. దానితో కలిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది, అందుకే రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ మందు ఎడం లేకుండా తాగితే డోలుటెగ్రావిరే ఒంటికి సరిగ్గా పట్టదు. అదే బిళ్ళలోని టెనోఫోవిర్ కొందరికి మూత్రపిండాల మీద దెబ్బ కొడుతుంది. ఇవన్నీ కనిపెట్టాల్సింది ఎవరు?

ఏఆర్‌టీ సెంటరే. ఏడాదికోసారి ఒంట్లో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షకి ఎలాగూ రక్తం తీస్తారు. సూది గుచ్చిన ఆ ఒక్కసారే ఇంకో రెండు ట్యూబులు నింపి క్రియాటినిన్, షుగర్, కొలెస్ట్రాల్ చూడమంటున్నాం. బీపీ, బరువు అక్కడే. ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గడువు తప్పకుండా. వాడుతున్న ఇతర మందులన్నీ పుస్తకంలో రాయాలి. ఇవన్నీ ఒక్కరోజే జరగాలి; నాలుగు గదులకి నాలుగు రోజులు తిప్పితే కూలిమనిషి ఐదోరోజు రాడు.

రానివాళ్ళ సంగతీ ఉంది. మిరపకోతలకి గుంటూరో, మేస్త్రీ పనికి బెంగళూరో పోయినవాణ్ణి రిజిస్టర్‌లో ‘రాలేదు’ అని రాసి వదిలేస్తే ఎలా? గడువు దాటిన వారంలోపు, తెలిసిన గొంతుతో ఫోన్ వెళ్ళాలి. బదిలీ కాగితం కోసం వెనక్కి తిప్పకుండా, వలసపోయిన చోటే మందు అందాలి. ఇంటిముందుకొచ్చి పేరు పెట్టి పిలవడం మాత్రం వద్దు. సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.

రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచినవాళ్ళ నుంచి లైంగికంగా అది ఇంకొకరికి సోకదు. మందు తెగితే ఆ రక్షణా తెగుతుంది. కాబట్టి ఇది వాళ్ళ ఒక్కళ్ళ గొడవ కాదు.

ఇవే కోరుతూ సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ మీద సంతకం చేయండి. సంతకం కనబడితే అనుమానిస్తారని హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు జంకుతున్నారు. లేనివాళ్ళు ముందు పెట్టండి.