షో మొక్కలంటే ఎందుకంత చిన్నచూపు?

మన దగ్గర ఆకు రంగురంగులుగా ఉంటే చాలు, ఆ మొక్క పేరు "క్రోటన్". కోలియస్సూ క్రోటనే, అకాలిఫా కూడా క్రోటనే. లేదంటే అన్నిటికీ కలిపి "షో మొక్కలు" అనే ఇంకో పేరుంది. నాకు నచ్చని మాట ఇదే. పూలిచ్చేది పనికొచ్చే చెట్టు, కాయలిచ్చేది ఇంకా పనికొచ్చే చెట్టు, ఉత్త ఆకులున్నది మాత్రం వట్టి షో! మా నిజామాబాద్ వైపు పెద్దవాళ్ళయితే మొహం మీదే అడుగుతారు. "దేవునికి రాదు, కూరకు రాదు, గీ ఆకుల చెట్లెందుకు పెట్టినవ్ బిడ్డా?"

దేవుడికి ఆకు పనికిరాదని ఎవరన్నారు? వినాయక చవితికి 21 రకాల పత్రి కావాలి, అందులో అన్నీ ఆకులే. బతుకమ్మ పేర్చేముందు తాంబాలంలో పరిచేది గుమ్మడాకులు. గుమ్మానికి కట్టేది మామిడాకులు. మరి ఇన్ని ఆకులు వాడుకుంటూ కూడా ఒక ఆకుని నిలబడి చూసే అలవాటు మాత్రం మనకు లేదు. పువ్వునయితే చూస్తాం, ఫోటో తీస్తాం. ఆకుని తెంపుతాం, అంతే.

తమాషా ఏంటంటే, ఆకులెందుకు అనేవాళ్ళ గేటు మీద కూడా కాగితం పూల తీగ ఉంటుంది. ఆ గులాబీ రంగు పూరేకులు నిజానికి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో కనపడే సన్నటి తెల్లటి గొట్టం. అంటే ఇన్నేళ్ళూ వాళ్ళు మెచ్చుకుంటున్నది ఆకుల్నే :)

ఇక రంగుల సంగతి. ఆకులో తెల్ల మచ్చ ఉందంటే అక్కడ పత్రహరితం లేదని అర్థం. ఆ భాగం తిండి తయారుచెయ్యదు, పక్కనున్న పచ్చభాగం సంపాదన మీద బతుకుతుంది. అందుకే తెల్లచారల మొక్కలు నిదానంగా పెరుగుతాయి. అప్పుడప్పుడూ వాటికే పూర్తి పచ్చటి కొమ్మ ఒకటి పుడుతుంది. "ఇది బాగా వస్తోంది" అని దాన్ని ఉంచేస్తే, కొన్నాళ్ళకి మొక్కంతా పచ్చగా మారిపోతుంది, ఎందుకంటే బలం దానికే ఎక్కువ. కనిపించగానే మొదలుదాకా కత్తిరించాలి. క్రోటన్‌ది ఇంకో రకం. దానికి ఎండ ఉంటేనే రంగు. వరండా మూలలో పెట్టి "నర్సరీలో ఎర్రగా ఉండె, ఇంటికొచ్చినంక పచ్చగైంది, మోసం జేసిండు" అని నర్సరీ అతన్ని తిట్టేవాళ్ళని చూశాను. పాపం అతని తప్పేం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. పెద్ద ఆకుల మీద తెల్ల మచ్చలతో డిఫెన్‌బాకియా అని ఒక మొక్క ఉంటుంది, చాలా ఇళ్ళల్లో హాల్లోనే పెడతారు. దాని ఆకులో, కాండంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండి నాలుక వాస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అది నేల మీద ఉండకూడదు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయానికొస్తాను. ఈ షో మొక్కలు మా వైపుకి చాలావరకు కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. అంటే గోదావరి సముద్రంలో కలవబోయే చోటు నుంచి, అదే గోదావరి మీద డ్యామ్ కట్టిన పోచంపాడ్ దాకా. రానీండి, మంచిదే. కానీ 44వ నంబరు జాతీయ రహదారి దిగి శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారని చూడ్డానికి వచ్చే జనం ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎటువైపు చూస్తారు? 42 గేట్ల వైపు. సెల్ఫీలు కూడా అక్కడే. అదే రోజుల్లో బాల్కొండ, ఆర్మూర్ చుట్టుపక్కల చేన్లల్లో నడుం ఎత్తున నిలబడి ఉండే పసుపుని ఎవరూ చూడరు.

పసుపు ఆకుని దగ్గరగా ఎప్పుడైనా చూశారా? పొడుగ్గా, వెడల్పుగా, లేత పచ్చగా, నిటారుగా లేచి చివర కొద్దిగా వంగుతుంది. మధ్య ఈనె నుంచి రెండు వైపులా సన్నటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. పొద్దున పూట మంచు ఆ గీతల వెంట జారుతుంది. కొంచెం నలిపితే వచ్చే వాసన ఏ సెంటుకీ రాదు. అందానికి ఇంకేం కావాలి? దీని చుట్టమే ఒకటి థాయ్‌లాండ్ వైపుది, "సియామ్ టులిప్" అనే పేరుతో కుండీల్లో అమ్ముడుపోతుంది. చుట్టానికి డబ్బులిచ్చి కొంటాం, ఇంటిమొక్క మాత్రం చేనుకే పరిమితం. మా జిల్లాలో గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టే కందకుర్తి దగ్గర వచ్చి కలిసే ఏటికి హరిద్ర అని పేరు. హరిద్ర అంటే పసుపే.

పసుపంటే మాకు తెలిసింది క్వింటాలు రేటు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది బరిలో ఉంటే, అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోసం నామినేషన్లు వేశారు. 2025 జనవరిలో బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఇంత కొట్లాట జరిగిన పంట ఆకు ఎలా ఉంటుందో టౌన్లో పెరిగే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వాళ్ళకి పసుపంటే ప్యాకెట్టు.

ఈ మాట పసుపు వేసే మా మామతో అంటే నవ్వాడు. "నీకు ఆకు గొడ్తది గాని, నేను జూస్తె మచ్చ తెగులొచ్చిందా లేదా అనే జూస్త. అప్పు యాదికొస్తది." దీనికి నా దగ్గర జవాబు లేదు. అప్పు లేనివాడికే అందం కనిపిస్తుందనేది కొంతవరకు నిజమే. అయినా మామ ఇంటి ముందు కుండీలో ఉన్నది క్రోటన్! అంటే ఆయనకీ చూడాలనే ఉంది, కాకపోతే లెక్కలు కట్టక్కర్లేని ఆకుని చూడాలనుంది. ఆ కుండీలో ఒక్క పసుపు దుంప పెట్టు మామా, దానికి రేటుండదు, అప్పుండదు అన్నాను. "సూద్దాం తియ్" అన్నాడు.

పెట్టాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. కిరాణా కొట్టులో దొరికే పసుపుకొమ్ము మొలవదు, అది ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టింది. పచ్చి దుంప కావాలి, పసుపు వేసే ఊళ్ళో ఎవర్ని అడిగినా ఒకటి చేతిలో పెడతారు. తొలకరికి, అంటే జూన్‌లో, వెడల్పాటి కుండీలో రెండంగుళాల లోతున పెట్టండి. మా నల్లరేగడి ఒక్కటే నింపితే నీళ్ళు నిలిచి దుంప కుళ్ళుతుంది. ఇసుకా, బాగా మాగిన పశువుల ఎరువూ కలపాలి. చేన్లో మక్క మధ్యలో కూడా వేస్తారు కాబట్టి కాస్త నీడ పడినా పరవాలేదు. అదృష్టం బాగుంటే ఆకుల మధ్య నుంచి తెల్లటి, లేత గులాబీ రంగు కంకి కూడా లేస్తుంది. అందులో కూడా మనకి కనిపించే ఆ రంగు ఆకులదే, అసలు పూలు లోపల చిన్నగా పసుపుపచ్చగా ఉంటాయి.

సంక్రాంతి దాటాక ఆకు పండి వాలిపోతుంది, చచ్చిపోయిందని పారేయకండి. అప్పుడు నీళ్ళు ఆపేసి, పూర్తిగా ఎండాక కుండీ బోర్లించి దుంపలు తీసుకోవచ్చు. వంటకి వాడుకోగా రెండు కొమ్ములు నీడలో దాచిపెట్టండి, వచ్చే జూన్‌కి.