పిల్లలకు చెప్పని సంగతులు

సంవత్సరాంతం అనగానే నాకు ఇప్పటికీ ఫాల్గుణ బహుళ అమావాస్యే స్ఫురిస్తుంది. ఆ లెక్కన విశ్వావసుకు ఇంకా రెండున్నర నెలల ఆయువున్నది. కాని మా పిల్లల సంవత్సరం డిసెంబరు ముప్పైయొకటితో ముగుస్తుంది. వారి సెలవులూ, జీతాల పెంపుదలలూ, ప్రయాణాలూ అన్నీ దానితోనే ముడిపడి ఉన్నవి. వ్రాయబోయేది పిల్లలను గురించి గనుక ఈసారికి వారి పంచాంగాన్నే అనుసరిస్తాను.

2025 డిసెంబరులో వస్తానని మా అబ్బాయి వేసవిలోనే మాట ఇచ్చాడు. రాలేదు. వాడు అమెరికాకు వెళ్ళి పదకొండేళ్ళయింది. ఉన్నది హెచ్‌-1బి వీసా మీద. అక్కడి శాశ్వత నివాసపు పత్రానికి వరుసలో నిలబడి ఉన్నాడు. ఉద్యోగాల మీద ఇచ్చే ఆ పత్రాలలో ఒక్కొక్క దేశం వారికి ఏడాదికి 7 శాతానికి మించరాదన్న నియమం వల్ల మనవాళ్ళ వరుస ఏళ్ళ తరబడి కదలదు. సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. అది ఉన్నవారికి వర్తించదన్నారు గాని, ఆ రెండు రోజులూ వాడి గొంతులో ప్రాణం లేదు. ఆపైన డిసెంబరు 15 నుండి దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలను పరిశీలించే పద్ధతి వచ్చి, మన దేశంలో జరగవలసిన ముద్రల ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కు పోయినవి. వస్తే తిరిగి వెళ్ళగలనో లేదోనన్న భయంతో వాడు టిక్కెట్టు రద్దు చేసుకొన్నాడు. రావద్దని చెప్పినవాణ్ణి నేనే. మా శ్రీమతి మాత్రం ఆ రోజు నాతో మాట్లాడలేదు.

ఇంతకూ చెప్పదలచినది వాడు రాకపోవడాన్ని గురించి కాదు.

సాయంత్రాలు కుక్కుటేశ్వరస్వామి ఆలయం వైపు నడిచి వెళ్ళి, పాదగయ పుష్కరిణి గట్టున కాసేపు కూర్చొనడం నాకు అలవాటు. నాతోపాటు మరి నలుగురైదుగురు విశ్రాంత ఉద్యోగులు చేరుతారు. ఒకరి కొడుకు బెంగుళూరులో, ఒకరి కూతురు మెల్బోర్నులో. సంభాషణ ఎక్కడ మొదలైనా చివరకు ఒక్కచోటికే వస్తుంది: పెంచి పెద్దచేశాము, ఎగిరిపోయారు. వినీ వినీ, అనీ అనీ, ఈ సంవత్సరం నాకు ఆ మాట మీద విసుగు పుట్టింది. ఎగిరిపోయారా? ఎగరవేసినది ఎవరు? ఏలేరు ఆయకట్టులో మాకున్న ముప్పాతిక ఎకరం అమ్మి ఇంజనీరింగు ఫీజు కట్టినవాణ్ణి నేను. సామర్లకోటలో గౌతమి ఎక్కించి, బండి కదిలేదాకా కిటికీ పట్టుకొని నిలబడ్డవాణ్ణి నేను. వాడు పదవ తరగతిలో తెలుగు వదలి సంస్కృతం తీసుకొంటే మార్కులు వస్తాయన్నప్పుడు, తెలుగు పండితుణ్ణయి ఉండీ తల ఊపినవాణ్ణీ నేనే. విల్లు ఎక్కుపెట్టినవాడు బాణం దూరం పోయిందని ఏడవడం ఏమి న్యాయం?

ఇల్లు విడిచిపోవడం ఈ తీరానికి కొత్త కూడా కాదు. కోరంగి రేవు నుండి, ఆపైన కాకినాడ నుండి మన ప్రాంతపువారు ఓడలెక్కి రంగం వెళ్ళారు. అక్కడ మనవారందరికీ కోరంగీలనే పేరు పడిపోయిందంటే ఎంతమంది వెళ్ళి ఉంటారో ఊహించుకోవచ్చు. 1941 చివర జపానువారు బర్మా మీద పడినప్పుడు అడవులలో కాలినడకన తిరిగి వచ్చినవారున్నారు, రానివారూ ఉన్నారు. ఆ తల్లిదండ్రులకు వాట్సాపు లేదు.

ఇంకా వెనక్కు పోతే మా ఊరికి ప్రసిద్ధి తెచ్చిన శ్రీపాద శ్రీవల్లభుల కథే ఉన్నది. పదహారవ యేట ఇల్లు విడిచి వెళ్ళిన కొడుకు ఆయన. తల్లి దుఃఖిస్తే నిజరూపం చూపి ఊరడించాడనీ, ఒకరు గ్రుడ్డి, ఒకరు కుంటి అయిన ఇద్దరు సోదరులను తన చూపుతో బాగుచేసి, తల్లిదండ్రులను చూచుకొనే భారం వారికి అప్పగించి వెళ్ళాడనీ గురుచరిత్ర చెబుతుంది. మహారాష్ట్ర నుండి, కర్ణాటక నుండి భక్తులు మా వీధుల వెంట ఆయన పుట్టినచోటు వెదుక్కొంటూ వస్తారు. ఆ కథలో నన్ను పట్టి ఆపేది మహిమ కాదు, ఆ ఏర్పాటు. వెళ్ళేవాడు వెనుక ఎవరు చూస్తారో ఆలోచించి మరీ వెళ్ళాడు. ఆ మరుసటి ఏడు ఆ తల్లి ఎలా గడిపిందో మాత్రం ఎవరూ అడగరు.

ఇక నా తప్పు సంగతికి వస్తాను. ఆషాఢంలో మా శ్రీమతికి పిత్తాశయంలో రాళ్ళని తేలి, శస్త్రచికిత్స చేయించవలసి వచ్చింది. హైదరాబాదు నుండి మా అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకొని వచ్చి పదిహేను రోజులు ఉండి అన్నీ చూచుకొన్నది. అబ్బాయికి చెప్పవద్దని దానిచేత ఒట్టు వేయించుకొన్నాను. వాడు ఎలాగూ రాలేడు, అక్కడ ఒంటరిగా కుమిలిపోవడమెందుకని నా తర్కం. వాడు ఫోను చేసినప్పుడల్లా, అమ్మ గుడికి వెళ్ళిందనీ, పేరంటానికి వెళ్ళిందనీ చెప్పాను. ఆషాఢంలో పేరంటమేమిటని వాడికి తట్టలేదు, నా అదృష్టం. ముప్పైమూడేళ్ళు బడిపిల్లలకు హరిశ్చంద్రుని కథ బోధించినవాడి నిర్వాకం ఇది.

శ్రావణంలో గుట్టు బయటపడింది. ఆరేళ్ళ మా మనుమడు ఫోనులో, “మామయ్యా, అమ్మమ్మ పొట్టమీద కుట్లు వేశారు, నేను చూశాను” అన్నాడు. ఆ రాత్రి వాడు నాకు మళ్ళీ ఫోను చేశాడు. కేకలు వేస్తాడనుకొన్నాను, వేయలేదు. “నేను రాలేనని మీరే నిర్ణయించేశారు నాన్నగారూ, సరే. కంగారుపడే హక్కు కూడా తీసేశారే! ఇకమీదట మీరు బాగున్నామన్నా నేను ఎలా నమ్మేది?” అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పటినుండీ దీనిని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. దాచినది ప్రేమతోనే, సందేహం లేదు. కాని అందులో కొంత బెట్టు కూడా ఉన్నది. ‘వాడు లేకుండానే గట్టెక్కాము’ అని పుష్కరిణి గట్టున చెప్పుకొనే బెట్టు. ఒక చేత్తో వాడిని ఇంటి కష్టం నుండి వెలివేసి, రెండవ చేత్తో వాడు పట్టించుకోవడం లేదని వేలు చూపడం. మా తరం తల్లిదండ్రులలో ఈ జబ్బు చాలామందికి ఉన్నదని నా అభిప్రాయం. కలిసి ఉన్నన్నాళ్ళూ మా మాటామంతీ ఉకారసంధి, నిత్యం. ఇప్పుడది ఇకారసంధి, జరిగితే జరుగుతుంది, లేకుంటే లేదు. ఆ వైకల్పికంలో కూడా నిజం చెప్పుకోకపోతే ఇక మిగిలేదేమిటి?

దూరమే దోషమయితే దగ్గరున్నవారు సుఖంగా ఉండాలి. కార్తికంలో ఒక పెద్దాయన నాచేత అర్జీ వ్రాయించుకొనడానికి వచ్చాడు. కొడుకు రెండు వీధుల అవతలే ఉంటాడు, అన్నం పెట్టడు. తల్లిదండ్రుల పోషణ, వృద్ధుల సంక్షేమం కోసం 2007లో చేసిన చట్టం ప్రకారం అరవై దాటినవారు ట్రిబ్యునలుకు చెప్పుకోవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా మనోవర్తి ఇప్పించవచ్చు. ఆ చట్టం వచ్చిన తరువాత ఆస్తి వ్రాసి ఇస్తూ, చూచుకోవాలన్న షరతు పెట్టి ఉంటే, ఆ షరతు తప్పినప్పుడు ఆ పత్రాన్ని రద్దు చేయించవచ్చు. ఇవన్నీ చెప్పాను. ఆయన ఇల్లు వ్రాసి ఇచ్చినప్పుడు షరతేదీ పెట్టలేదట. “కన్నకొడుకుతో షరతేమిటండీ మాస్టారూ?” అన్నాడు. అర్జీ వ్రాసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ఇచ్చాడో లేదో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆయన వెళ్ళిన తరువాత చాలాసేపు అరుగు మీదనే కూర్చున్నాను. ఎనిమిది వేల మైళ్ళ అవతల కూర్చొని, చెప్పలేదని అలిగిన నా కొడుకు ఎంత దగ్గరగా ఉన్నాడో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కొత్త ఏర్పాటు నడుస్తున్నది. ఆదివారం ఉదయం వాడు ఫోను చేస్తాడు. మొదట మాకు ఏమేమి బాగాలేదో చెప్పాలి, కుశలప్రశ్నలు తరువాత. వాడూ అదే పని చేయాలని నేను షరతు పెట్టాను. ఆ షరతు వల్లనే వాడికి రెండేళ్ళుగా రక్తపోటు ఉన్నదనీ, మాత్రలు వాడుతున్నాడనీ ఈ డిసెంబరులో తెలిసింది. దాచడం వాడు ఎవరి దగ్గర నేర్చుకొన్నాడో వేరే చెప్పనక్కరలేదు.

మొన్న ఆదివారం నా వంతు వచ్చింది. ఎడమ మోకాలు నొప్పి, చక్కెర కాస్త ఎక్కువ అని అప్పజెప్పాను. వంటింట్లో నుండి మా శ్రీమతి కేక వేసింది: “సుబ్బారాయుడి షష్ఠినాడు మూడు బూరెలు తిన్న సంగతి కూడా చెప్పండి!”